సోబర్ అంటే తాగనివాడా, మత్తు దిగినవాడా, మానేసినవాడా?

భీమవరం, పాలకొల్లు వైపు సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఆడపిల్ల వాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అబ్బాయికి అలవాట్లేమన్నా ఉన్నాయాండీ?" దానికి మధ్యవర్తి "అబ్బే, చాలా సోబరండీ" అన్నాడనుకోండి, అవతలివాళ్ళకి అది "మందు ముట్టడు" అని వినిపిస్తుంది. మధ్యవర్తి ఉద్దేశం మాత్రం అబ్బాయి నెమ్మదస్తుడు, గొడవలకి పోడు, పెద్దల ముందు గొంతెత్తడు అని కావచ్చు. ఇంగ్లిషు ప్రకారం ఇద్దరిదీ కరెక్టే, అందుకే ఇది అబద్ధం చెప్పడం కన్నా పెద్ద చిక్కు. చీరల షాపులో "కాస్త సోబర్ కలర్ తీయండి" అంటే కళ్ళు చెదరగొట్టని రంగు అని అర్థం. రావులపాలెం దగ్గర హైవే మీద రాత్రిపూట పోలీసులు గొట్టంలో ఊదించినప్పుడు ఆ మాటకి ఇంకో అర్థం, డీఅడిక్షన్ సెంటర్లో "ఎనిమిది నెలలుగా సోబర్" అన్నప్పుడు మరో అర్థం.

క్లుప్తంగా చెప్పాలంటే, ఈ ఒక్క మాటలో కనీసం మూడు వేర్వేరు స్థితులు కలిసిపోయాయి. ఈ క్షణాన మత్తులో లేకపోవడం ఒకటి, అసలు తాగే అలవాటే లేకపోవడం రెండోది, వ్యసనం నుంచి బయటపడి చుక్క ముట్టకుండా ఉండటం మూడోది. తెలుగు వీటిని క్రియాపదాలతో చక్కగా విడదీస్తుంది. ఇంగ్లిషు మాటను అరువు తెచ్చుకున్నాక ఆ విభజన పోయింది. దీని వల్ల జరిగే నష్టం మాటల దగ్గర ఆగదు, డ్రైవింగు లైసెన్సు దాకా, ఒక్కోసారి ప్రాణం దాకా పోతుంది.

లాటిన్‌లో పుట్టింది "తాగి లేని" అనే అర్థంతోనే

సోబర్‌కి మూలం లాటిన్ "సోబ్రియస్". అందులో ముందున్న "సె" అంటే లేకుండా, వెనకున్న "ఎబ్రియస్" అంటే తాగిన, మత్తెక్కిన. తాగినవాణ్ణి ఇంగ్లిషులో కాస్త మర్యాదగా "ఇనీబ్రియేటెడ్" అంటారు కదా, అందులో ఉన్నదీ ఈ ఎబ్రియసే. "సె"ని మనం రోజూ వాడే సెక్యూర్ అనే మాటలో చూడొచ్చు, చింత లేకుండా అని దాని అసలు అర్థం. ఈ సోబ్రియస్ ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లిషులోకి వచ్చింది, వస్తూనే రెండు అర్థాలు వెంటబెట్టుకొచ్చింది: తిండిలో, తాగుడులో, కోరికల్లో మితంగా ఉండేవాడు అని ఒకటి, ప్రస్తుతం తాగి లేనివాడు అని ఒకటి. తర్వాత గంభీరంగా, నిదానంగా ఉండేవాడు అన్నారు. 16వ శతాబ్దం చివరికి రంగులకూ అంటించారు. పెళ్ళి సంబంధాల్లో వినపడే "సోబర్ అబ్బాయి", షాపులో వినపడే "సోబర్ కలర్" ఈ పాత అర్థాల వారసులే. మనవాళ్ళు తప్పుగా వాడుతున్నారని కొందరు అంటారు గానీ అది నిజం కాదు. మందుతో సంబంధం లేని ఈ వాడకానికి ఇంగ్లిషులోనే కొన్ని వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

"మత్తు" ముందు ఒక "లేదు" తగిలించి మాట చేసుకోవడం లాటిన్ వాళ్ళ ఒక్కళ్ళ పద్ధతి కాదు. అమెథిస్ట్ అనే ఊదారంగు రాయి పేరు గ్రీకు మాట, "మత్తెక్కనిది" అని అర్థం. ఆ రాయి దగ్గరుంటే ద్రాక్షసారా తాగినా మత్తెక్కదని గ్రీకులు నమ్మేవారు. అందులోని "మెథు" మన "మధు"కి చుట్టమే, భాషాశాస్త్రవేత్తలు రెండింటినీ ఒకే వేరుకి చేరుస్తారు.

సంస్కృతంలో "మద్" అనే ధాతువు నుంచి మదం, మద్యం, ఉన్మాదం, మత్తు అన్నీ వచ్చాయి. "ప్రమత్తుడు" అంటే మత్తులో పడి ఒళ్ళు తెలియనివాడు, ఏమరుపాటులో ఉన్నవాడు. దాని ముందు "అ" చేరిస్తే "అప్రమత్తుడు". అంటే నిర్మాణంలో సోబ్రియస్ ఎలా తయారైందో అప్రమత్తం అచ్చం అలాగే తయారైంది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా కాకినాడ నుంచి నరసాపురం దాకా "తీరప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని టీవీలో, మైకులో వినే మాట ఇదే. వింటున్నవాళ్ళెవరికీ అందులో మందు వాసన తగలదు. ఇంగ్లిషులో సోబర్ తాగుడు చుట్టూ బిగుసుకుపోయింది, మన అప్రమత్తం తాగుడు సంగతే మర్చిపోయి మెలకువ ఒక్కటే మిగుల్చుకుంది.

ఈ రెండు దారులూ ఒకే చోట కలిసేది డెల్టా చర్చిల్లో. పేతురు మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో ఇంగ్లిషు పాత అనువాదం సోబర్‌గా ఉండండి అన్న చోట తెలుగు బైబిలు "నిబ్బరమైన బుద్ధిగలవారై" అంటుంది. థెస్సలొనీకయులకు రాసిన పత్రికలో ఇంగ్లిషులో మళ్ళీ అదే సోబర్ ఉంటే, తెలుగు "మత్తులముకాక యుందము" అంటుంది. గ్రీకులో రెండు చోట్లా క్రియ ఒకటే. అనువాదకులు సందర్భం చూసి ఒక చోట బుద్ధి వైపు, ఒక చోట మత్తు వైపు మొగ్గారు, అది సరైన పనే. తెలుగులో ఈ మాటకి ఒకే సమానపదం వెతికితే దొరకదని వాళ్ళకి బాగా తెలిసినట్టుంది.

మితం నుంచి చుక్క కూడా వద్దు దాకా

మితంగా తాగేవాడు కూడా సోబరే అన్న పాత అర్థం ఎలా పోయిందో తెలియాలంటే 19వ శతాబ్దపు ఇంగ్లండుకి వెళ్ళాలి. అప్పటి మితపాన సంఘాలు మొదట్లో వ్యతిరేకించింది జిన్, బ్రాందీ లాంటి బట్టీ సరుకునే, బీరు జోలికి పోలేదు. ఇందులో ఒక అన్యాయం కూడా ఉంది, కూలివాడి చవక జిన్ తప్పయింది, ధనవంతుడి బల్ల మీద వైను తప్పు కాలేదు. పైగా బీరుతోనే మునిగిపోయేవాళ్ళకి ఆ ప్రమాణం ఎందుకూ పనికిరాలేదు. లాంకషైర్‌లోని ప్రెస్టన్ పట్టణంలో జోసెఫ్ లైవ్సీ, ఆయన తోటివాళ్ళు 1832లో ఏ రకం మత్తుపానీయమూ ముట్టం అని సంతకాలు పెట్టారు. మరుసటి ఏడాది అదే ఊళ్ళో రిచర్డ్ టర్నర్ అనే కార్మికుడు సభలో మాట్లాడుతూ, సగం సగం మానేస్తే లాభం లేదు, "టీ-టోటల్"గా మానాలి అన్నాడు. టీటోటలర్ అనే మాట అలా నాటుకుంది.

అతనికి నత్తి కాబట్టి అలా వచ్చిందని ఒక వాదన ఉంది. టోటల్‌లోని మొదటి అక్షరాన్నే ఒత్తి పలకడానికి రెండుసార్లు అన్నాడని ఇంకో వాదన. ఈ రెండోది తెలుగువాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది, మొదటని మొట్టమొదట అనీ, చివరని చిట్టచివర అనీ ఒత్తేది మనమూ ఇలాగే కదా. మందు మానేసి టీ తాగేవాడు కాబట్టి టీటోటలర్ అనే కథ మాత్రం వట్టిది, ఆ టీకీ ఈ టీకీ ఏ సంబంధమూ లేదు.

సోబర్ అర్థం ఇంకా ఇరుకైంది అమెరికాలో. అక్కడ దేశవ్యాప్త మద్యనిషేధం 1920లో మొదలై 1933లో ముగిసింది. ఆ తర్వాత రెండేళ్ళకి, 1935లో, ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ స్మిత్ అనే డాక్టరు కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టారు, ఇద్దరూ తాగుడికి బానిసలైనవాళ్ళే. వాళ్ళ అనుభవంలో వ్యసనపరుడికి మొదటి గ్లాసే ప్రమాదం, మితం అనేది అతని చేతిలో లేదు. అందుకే వాళ్ళ లెక్కలో సోబర్ అంటే చుక్క కూడా ముట్టకపోవడం, దాన్ని రోజుల్లో, నెలల్లో, ఏళ్ళలో లెక్కపెడతారు. పెళ్ళిలో ఒక్క బీరు తాగి నిలకడగా ఇంటికొచ్చినవాడు 14వ శతాబ్దపు అర్థంలో సోబరే, ఈ అర్థంలో మాత్రం అతని లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది.

తాగడు, తాగి లేడు, మానేశాడు

తెలుగులో ఇంత తికమక లేదు. "తాగడు" అంటే అలవాటు లేదని, "తాగి లేడు" అంటే ఇప్పుడు మత్తులో లేడని, "మానేశాడు" అంటే ఒకప్పుడు తాగేవాడని కూడా తెలిసిపోతుంది. "తగ్గించాడు" అంటే ఇంకా తాగుతున్నాడని ఇంట్లోవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. క్రియ చివర ఎలా మారిందన్నదాన్ని బట్టి మనిషి చరిత్రంతా వచ్చేస్తుంది. ఫారాల్లో, బయోడేటాల్లో "సోబర్", "అకేషనల్" అని రాయడం మొదలయ్యాక ఈ సౌకర్యం పోయింది. అకేషనల్ అంటే సంక్రాంతికా, ప్రతి శనివారమా అనేది ఎవరూ అడగరు.

తెలుగులో ఉన్న ఇబ్బంది ఇంకో వైపు ఉంది. మందు అంటే ఔషధమూ అదే, విస్కీ కూడా అదే. "మందు ఆపేశాను" అని రోగి చెబితే బీపీ మాత్రలు ఆపాడా, బ్రాందీ ఆపాడా అని డాక్టరు మళ్ళీ అడగాల్సిందే.

కొన్నాళ్ళకోసం మానేయడానికి కూడా మన దగ్గర సొంత మాటలున్నాయి. అమెరికాలో దుమ్ము అణచడానికి రోడ్ల మీద నీళ్ళు చల్లే బళ్ళు తిరిగేవి. తాగుడు ఆపినవాడు "నీళ్ళబండి ఎక్కాడు" అనేవారు, మళ్ళీ మొదలుపెడితే బండి మీంచి పడ్డాడనేవారు. గోదావరి జిల్లాల్లో దీనికి దగ్గరగా ఉన్నది "మాలలో ఉన్నాడు". అయ్యప్ప దీక్ష 41 రోజులు, మందూ మాంసమూ బంద్. ద్వారపూడి అయ్యప్ప గుడికి కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నల్లబట్టల స్వాములు వస్తూనే ఉంటారు. మాల వేసుకున్నవాణ్ణి స్నేహితులు తాగమని బలవంతం చేయరు, అదే మామూలు రోజుల్లో "ఈ ఒక్క రోజుకేం కాదురా" అంటారు. చుట్టూ ఉన్నవాళ్ళ ఒత్తిడిని ఒక దండ ఆపేస్తుంది, వ్యసన చికిత్సలో ఇంత విలువైన సాయం దొరకడం కష్టం. బ్రిటన్‌లో 2013 నుంచి "డ్రై జనవరి" అని నెలంతా మానే ప్రచారం నడుస్తోంది. మన దగ్గర జనవరి అంటే సంక్రాంతి, కోడిపందాలు. దీక్ష ముగిసి మాల తీసే రోజూ, బరులు వెలిసే రోజూ పక్కపక్కనే వస్తాయి.

చట్టం చూసేది మనిషిని కాదు, సరుకుని

మద్యనిషేధం అమల్లో ఉంటే జనమంతా సోబర్‌గా ఉంటారని అనుకోవడం కూడా ఇలాంటి కలగాపులగమే. నిషేధ చట్టం అమ్మకాన్ని ఆపుతుంది, ఫలానా సరిహద్దు లోపల ఆపుతుంది. ఉభయగోదావరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు 1948 నాటికి నిషేధం అన్ని జిల్లాలకూ వచ్చింది. అప్పుడు డెల్టా మధ్యలో ఉన్న యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది, 1954 దాకా. ఆ తర్వాత పుదుచ్చేరి కింద ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, తోటి ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వపు సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. ఆ రెండేళ్ళూ ఆంధ్ర చట్టం యానాం పొలిమేర దగ్గర ఆగిపోయేది. ఎదుర్లంక వైపు నుంచి గౌతమి దాటడానికి అప్పటికి వంతెన లేదు, పంటు ఎక్కాలి, అయినా దాహం ఉన్నవాడికి ఏరు అడ్డం కాలేదు. అలాగని ఆ ఉద్యమం వృథా పోయిందనడం తప్పు. ఊళ్ళో సారా దుకాణం లేకపోతే కూలి డబ్బులు ఇంటికి చేరతాయన్నది ఆ ఆడవాళ్ళ లెక్క, అది కచ్చితమైన లెక్క.

సరుకులో కూడా గీత ఎక్కడ గీయాలన్నది తేలికేం కాదు. గీత కార్మికుడు మోకు కట్టుకుని తాటిచెట్టెక్కి, గెల చివర పలచగా చెక్కి, కింద కుండ కడతాడు. ఆ కుండ లోపల సున్నం పూసి ఉంటే కారిన తీపి రసం పులవదు, తెల్లవారకముందే దించితే అది నీరా, పిల్లలకు కూడా పోయొచ్చు. సున్నం లేకపోతే గాల్లో, కుండలో ఉన్న ఈస్టు వెంటనే పనిలో దిగుతుంది, ఎండెక్కేసరికి అది కల్లు, అందులో బీరుకి దగ్గరగా నాలుగైదు శాతం ఆల్కహాల్ ఉంటుంది. చెట్టు ఒకటే, మనిషి ఒకడే. మధ్యలో ఉన్నది కాస్త సున్నమూ కొన్ని గంటలూ.

ఊదుడు యంత్రం ఏం లెక్కపెడుతుంది

హైవే మీద సోబర్ అన్నది ఒక అంకె. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉండి బండి నడిపితే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇంగ్లండులో ఈ పరిమితి 80, స్కాట్లండులో 50. అంటే లండన్‌లో చట్టం దృష్టిలో సోబర్ అయినవాడు తణుకులో నేరస్తుడు కావచ్చు. యంత్రం ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలిని కొలిచి, దాన్నిబట్టి రక్తంలో ఎంత ఉందో అంచనా కడుతుంది. రోజూ తాగే మనిషి తూలకుండా, మాట తడబడకుండా ఉండగలడు, శరీరం అలవాటు పడిపోయింది కాబట్టి. అయినా అంకె అంకెలాగే ఉంటుంది.

ఎక్కువమంది దెబ్బతినేది పొద్దున్న. "రాత్రి ఎప్పుడో తాగాను, నిద్ర కూడా పోయాను" అంటారు, నిజమే చెబుతారు. ఒక క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, మన విస్కీల్లో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటుంది. లెక్క కడితే సుమారు 60 గ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మగవాడు దాన్ని గబగబా తాగేస్తే రక్తంలో అంకె 120 దాటొచ్చు. కాలేయం సగటున గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున దించుతుంది, కొందరిలో 10 మాత్రమే. రాత్రి 11 ప్రాంతంలో తాగినవాడు 30 కిందకు రావడానికి ఉదయం 5, 6 అవుతుంది, నిదానంగా దిగే శరీరమైతే 8, 9. అదే రెండు క్వార్టర్లయితే మరుసటి మధ్యాహ్నం 2 దాకా పట్టొచ్చు. పుల్ల మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు, చన్నీళ్ళ స్నానం, స్ట్రాంగ్ కాఫీ, వీటిలో ఏదీ కాలేయం వేగాన్ని పెంచదు. కాఫీ తాగితే నిద్రమత్తు వదులుతుంది, ఆల్కహాల్ మాత్రం అలాగే ఉంటుంది, కాబట్టి ధైర్యంగా తాళం తీస్తాడు, అదే ఎక్కువ ప్రమాదం. తెల్లవారుజామున చేపల లోడుతో, స్కూలు బస్సుతో బయల్దేరే డ్రైవర్లకి ఈ లెక్క ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

డాక్టరు అడిగే సోబర్ వేరు

పోలీసుకి అంకె తగ్గితే చాలు. రోజూ తాగే మనిషి విషయంలో డాక్టరు భయపడేది అంకె సున్నాకి వచ్చాకే. ఆల్కహాల్ మెదడుని మందగింపజేస్తుంది. ఏళ్ళ తరబడి అదే జరిగితే మెదడు తట్టుకోవడానికి తన ఉద్రేక వ్యవస్థను పెంచుకుంటుంది, శాంతపరిచే వ్యవస్థ మీద ఆధారపడటం తగ్గించుకుంటుంది. ఒక్కసారిగా మందు ఆపేస్తే అణచేది లేదు, రెచ్చగొట్టేది మాత్రం అలాగే ఉంది. ఆపిన కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొద్దిమందికి జ్వరం, గుండెదడ, లేని మనుషులు కనపడటం, తేదీ, చోటు తెలియకపోవడం. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, చికిత్స లేకపోతే ప్రాణాలు పోతాయి.

ఇక్కడే దీక్ష విషయం జాగ్రత్తగా చూడాలి. అప్పుడప్పుడూ తాగేవాడు మాల వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు, మంచిది కూడా. పొద్దున్న లేవగానే వణుకు తగ్గడానికి కాస్త పుచ్చుకునే స్థితికి వచ్చినవాడు ముందురోజు రాత్రి దాకా తాగి, తెల్లారి తలస్నానం చేసి మాల వేసుకుంటే మూడో రోజుకి వచ్చే కలవరింతను ఇంట్లోవాళ్ళు పూనకమనో, దీక్షలో ఏదో దోషం జరిగిందనో అనుకుని గుడి దగ్గరికి తీసుకెళ్ళే అవకాశం ఉంది. వెళ్ళాల్సింది ఆసుపత్రికి. మాల వేసుకోవడానికి వారం పది రోజుల ముందే డాక్టర్ని కలిస్తే, వణుకు, ఫిట్స్ రాకుండా కొద్ది రోజులకి మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తారు, బీ1 విటమిన్ ఇస్తారు. దీక్షకు దానివల్ల ఏ భంగమూ లేదు.

మాల తీశాక ఇంకో గండం. 41 రోజుల్లో శరీరం పాత అలవాటు కొంత కోల్పోతుంది, ఇంతకు ముందు అరక్వార్టర్‌కి ఏమీ కానివాడికి ఇప్పుడు అదే ఎక్కువవుతుంది. బరి దగ్గర పాత కొలతతోనే పోసుకుంటే, రాత్రి అదే బండి మీద కాలవ గట్టు వెంట ఇంటికొస్తే, అతను చట్టం లెక్కలోనూ, డాక్టరు లెక్కలోనూ, ఇంట్లోవాళ్ళ లెక్కలోనూ ఒకేసారి తప్పుతాడు.

ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు "మా ఆయన సోబరేనండీ" అని పరువు కోసం చెప్పడం వల్ల ఫిట్స్ ఎందుకొచ్చాయో డాక్టరుకి అంతుపట్టక విలువైన గంటలు పోవచ్చు. చెప్పాల్సినవి మూడు: రోజూ ఎంత తాగేవాడు, ఎన్నేళ్ళుగా, చివరిసారి ఏ రోజు ఏ పూట. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాళ్ళకి మత్తు వ్యసనాల కోసం కేంద్ర ప్రభుత్వపు టోల్‌ఫ్రీ నంబరు 14446 ఉంది, తాగేవాళ్ళే చేయాలనేం లేదు, ఇంట్లోవాళ్ళు చేసినా మాట్లాడతారు.